పిల్లలు, ఫోను, ఇంటర్నెట్: మన వైజాగ్ అమ్మానాన్నలు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

గాజువాకలో పదకొండేళ్ళుగా పిల్లలకి కంప్యూటర్ ట్యూషన్ చెప్తున్నాను. నాకూ ఇద్దరు, పాప తొమ్మిదో క్లాసు, బాబు ఐదో క్లాసు. ట్యూషన్ వదిలే టైముకి పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు బండి స్టాండ్ వేసి లోపలికొచ్చి అడిగేవి, రాత్రి పదింటికి వాయిస్ మెసేజ్‌లో అడిగేవి, ఎప్పుడు చూసినా అవే డౌట్లు. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మొత్తం చదవక్కర్లేదు, మీ పిల్లల వయసు ఎక్కడుందో అక్కడికి వెళ్ళిపోండి. నంబర్లు మాత్రం ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి: ఆన్‌లైన్లో డబ్బు పోతే 1930, పిల్లలకి ఏ సాయం కావాలన్నా 1098, ప్రాణం మీదకొస్తే 112.

## ఫోన్ ఇంకా మనదే అయినప్పుడు: పదేళ్ళలోపు పిల్లలు

మా గుంటడికి నాలుగేళ్ళు, ఫోన్ పెట్టకపోతే ముద్ద ముట్టడు. ఇంత చిన్నప్పటి నుంచే ఇంటర్నెట్ గురించి భయపడాలా?

భయం అక్కర్లేదు గానీ కన్నేసి ఉంచాలి. ఒక పాట అయ్యాక దాని వెనకాలే ఇంకోటి దానంతటదే వచ్చేస్తూ ఉంటుంది చూడండి, ఈ వయసుకి అసలు ఇబ్బంది అదే, ఐదో ఆరో వీడియోకి అది ఎక్కడికో వెళ్ళిపోతుంది, పైకి బొమ్మల వీడియోలాగే ఉంటుంది, లోపల ఒక బొమ్మ ఇంకో బొమ్మని కత్తితో పొడుస్తూ ఉంటుంది. మీరు వంటింట్లో ఉంటే మీకు వినపడేది మ్యూజిక్కే కాబట్టి తెలీదు. మామూలు యూట్యూబ్ బదులు యూట్యూబ్ కిడ్స్ వేసి, మీరు ఓకే చేసిన వీడియోలు మాత్రమే కనిపించేలా పెట్టండి, అలా పెడితే సెర్చ్ కూడా ఆగిపోతుంది. ఆటోప్లే ఆపేయండి. వీలైతే ఫోన్ కాకుండా హాల్లో టీవీలో పెట్టండి, అటూ ఇటూ తిరిగే నానమ్మకైనా కనిపిస్తుంది. రెండేళ్ళలోపు స్క్రీన్ వద్దని, రెండు నుంచి ఐదేళ్ళ మధ్య రోజుకి గంట దాటొద్దని, అదీ పెద్దవాళ్ళు పక్కనుంటేనే అని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ డాక్టర్లు చెప్తున్నారు. గల్ఫ్‌లో ఉన్న నాన్నతో వీడియో కాల్‌ని ఈ లెక్కలో వేసుకోకండి, అది వాడికి కావాలి. అన్నం దగ్గర ఫోన్ ఒక్కరోజులో మానరు. మావాడికి ముందు పొద్దున టిఫిన్ దగ్గర మాత్రం ఆపాను, రెండు వారాలు ఏడ్చాడు, తర్వాత రాత్రి పూట ఆపడం అంత కష్టం అవ్వలేదు.

వాడికి వేరే ఫోన్ లేదండీ, నా ఫోనే కాసేపు ఇస్తాను. అందులో ప్రమాదం ఏముంటుంది?

మీ ఫోన్లో మీ బ్యాంకు ఉంది, ఫోన్‌పే ఉంది, ఆధార్ ఫొటో ఉంది, ఆఫీసు గ్రూపులున్నాయి, పైగా పెద్దవాళ్ళ గ్రూపుల్లో వచ్చే యాక్సిడెంట్ వీడియోలు, పిచ్చి జోకులు అన్నీ గ్యాలరీలో పడి ఉంటాయి. పిల్లలు గేమ్ ఆడుతూ పక్కకి జరిపితే చాలు అవన్నీ కనిపిస్తాయి. ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ అని సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ఉంటుంది, ఐఫోన్ అయితే గైడెడ్ యాక్సెస్, అది ఆన్ చేసి, బయటికి రావాలంటే పిన్ అడిగేలా పెట్టి ఇస్తే ఆ ఒక్క యాప్ దాటి బయటికి రాలేరు. వాట్సాప్‌లో ఫొటోలు వాటంతటవే గ్యాలరీలోకి దిగే ఆప్షన్ ఆపేయండి. ఇంకో మాట, యూపీఐ పిన్ వాడి పుట్టినరోజు అయితే ఈరోజే మార్చండి. ట్యూషన్లో మూడో క్లాసు పిల్ల వాళ్ళ నాన్నగారి పిన్ నాకు చెప్పేసింది, కూరగాయల బండి దగ్గర రోజూ చూస్తుందట.

గేమ్ ఆడుతూ మా బాబు పద్దెనిమిది వందలు ఖర్చు పెట్టీసాడు. ఆ డబ్బు తిరిగి వస్తాదా?

తొందరగా కదిలితే వచ్చే అవకాశం ఉంది. గూగుల్ ప్లే ద్వారా కొన్నదైతే 48 గంటల్లోపు రీఫండ్ రిక్వెస్ట్ పెట్టండి, ప్లే స్టోర్ ఆర్డర్ హిస్టరీలో ఏం కొన్నాడో తేదీతో సహా ఉంటుంది, పిల్లాడు తెలీక కొన్నాడని ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ టైము దాటిపోతే గేమ్ కంపెనీకే రాయాలి, అది కొంచెం కష్టం. తర్వాత ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా పెట్టండి. యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉంటుంది, అందులో మీకు తెలియని సబ్‌స్క్రిప్షన్ ఏమైనా నడుస్తోందేమో చూసి ఆపేయండి.

మా ఇంట్లోనూ ఇది జరిగింది, మావాడు గేమ్‌లో తుపాకీకి రంగు కొన్నాడు. నేను ఆ రోజు గట్టిగా అరిచాను. మూడు నెలల తర్వాత వాడికి గేమ్‌లో ఎవడో బూతులు తిడుతుంటే నాతో చెప్పలేదు, అక్కతో చెప్పాడు, అమ్మకి చెప్పొద్దు అరుస్తుంది అన్నాడట. పోయిన డబ్బు కన్నా అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అప్పటినుంచి ఇంట్లో ఒక మాట అనుకున్నాం, ఫోన్లో ఏం జరిగినా నాకు చెప్తే ఫోన్ లాక్కోను. ఈ మాట ఇచ్చాక రెండుసార్లు పళ్ళు బిగబట్టుకోవాల్సి వచ్చింది, కానీ నిలబెట్టుకున్నాను.

## సొంత ఫోన్, గ్రూపులు, గేములు: హైస్కూల్ పిల్లలు

ఏ వయసుకి సొంత ఫోన్ ఇవ్వచ్చు? ఆరో క్లాసులో అందరికీ ఉంది అంటున్నాడు.

అందరికీ ఉండదు, మా బ్యాచ్‌లో లెక్కేస్తే సగం మందికి లేదు. నా అభిప్రాయం అడిగితే ఎనిమిదో క్లాసు ముందు స్మార్ట్‌ఫోన్ వద్దు, ట్యూషన్ నుంచి ఆటోలో వచ్చే పిల్లలకి కాల్ చేసుకోడానికి కీప్యాడ్ ఫోన్ చాలు. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ వాళ్ళ రూల్స్ ప్రకారమే 13 ఏళ్ళు నిండాలి. పిల్లలు పుట్టిన సంవత్సరం మార్చి అకౌంట్ తెరుస్తారు, చాలాసార్లు మనమే పక్కన కూర్చుని మార్పిస్తాం, అక్కడ జరిగే నష్టం మనకి తెలీదు. పదకొండేళ్ళ పాప పందొమ్మిది అని పెడితే ఆ యాప్ ఆమెని పెద్దమనిషిలాగే చూస్తుంది, పెద్దవాళ్ళ యాడ్స్, పెద్దవాళ్ళ వీడియోలు, తెలియనివాళ్ళ మెసేజ్‌లు అన్నీ వస్తాయి. ఫోన్ ఇచ్చేటప్పుడు గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో పిల్లల పేరు మీదే అసలు పుట్టినతేదీతో అకౌంట్ తెరవండి, ఏ యాప్ వెయ్యాలన్నా ముందు మీ ఫోన్‌కి రిక్వెస్ట్ వస్తుంది.

ఇన్‌స్టాలో టీన్ అకౌంట్ వచ్చింది కదా, ఇంక మనం చూడక్కర్లేదా?

అది మంచిదే, 2025లో మన దేశంలోనూ వచ్చింది. అకౌంట్ ప్రైవేట్‌గా ఉంటుంది, తెలియనివాళ్ళు మెసేజ్ పెట్టలేరు, రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా నోటిఫికేషన్లు మూగబోతాయి, 16 ఏళ్ళలోపు వాళ్ళు వీటిని వదులు చేసుకోవాలంటే పేరెంట్ ఒప్పుకోవాలి. కానీ ఇదంతా పిల్లలు నిజం వయసు చెప్తేనే పనిచేస్తుంది. రెండో అకౌంట్ ఉంటే ఇది దాన్ని ఆపలేదు, హైస్కూల్లో రెండో అకౌంట్ లేని పిల్లలు తక్కువ. దాని గురించి పట్టుకుని నిలదీయకండి, "నీకు ఫ్రెండ్స్ కోసం వేరే అకౌంట్ ఉందా అమ్మా, అందులో నీకు బయట తెలియనివాళ్ళు ఎంతమంది ఉన్నారు" అని మామూలుగా అడగండి. మా పాప 212 మంది అంది. ఇద్దరం కూర్చుని ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక్కొక్కళ్ళనీ చూస్తూ తీసేశాం, 60 మంది మిగిలారు.

గేమ్‌లో ఎవరో "అన్నయ్య" ఉన్నాడట, మంచోడే అంటోంది. మాట్లాడనివ్వచ్చా?

ఇది జాగ్రత్తగా వినండి. పిల్లల్ని దగ్గర చేసుకునేవాడు మొదటిరోజు ఏమీ అడగడు. గేమ్‌లో గెలిపిస్తాడు, గేమ్‌లో డబ్బులా వాడుకునే డైమండ్స్ కొనిస్తాడు, మీ అమ్మ తిట్టిందా పాపం అని అడుగుతాడు, ఇంట్లో ఎవరూ అడగని మాటలు వాడు అడుగుతాడు. రెండు వారాల తర్వాత ఇక్కడ వద్దు, ఫలానా యాప్‌లోకి రా అంటాడు, అక్కడ మెసేజ్‌లు వాటంతటవే మాయమైపోతాయి. ఆ తర్వాత "మనిద్దరి మధ్యే ఉండాలి, ఇంట్లో చెప్తే నీ ఫోన్ తీసేసుకుంటారు" అంటాడు. అప్పుడు ఫొటో అడుగుతాడు, ముందు మామూలు ఫొటోయే.

మా ట్యూషన్ పాప ఒకరికి ఇలాగే, నాది కూడా వైజాగే, మద్దిలపాలెం అన్నాడట. నిజమో కాదో తెలీదు, ఆ పాప గేమ్ ప్రొఫైల్ ఫొటోలో స్కూల్ యూనిఫాం మీద బ్యాడ్జ్ కనిపిస్తోంది, అది చూసి ఏ ఊరైనా చెప్పేయచ్చు. జగదాంబ దగ్గర కలుద్దాం, సినిమాకెళ్దాం అనేదాకా వచ్చింది. అదృష్టం కొద్దీ పాప వాళ్ళ పిన్నితో చెప్పింది.

అందుకని "తెలియనివాళ్ళతో మాట్లాడకు" అంటే సరిపోదు, రెండు నెలలు మాట్లాడాక వాడు పిల్లలకి తెలియనివాడు కాదు. గుర్తులు చెప్పండి: ఇంట్లో దాచమన్నాడా, వేరే యాప్‌కి రమ్మన్నాడా, ఊరికే బహుమతి ఇచ్చాడా, ఫొటో అడిగాడా, కలుద్దామన్నాడా, వీటిలో ఒక్కటి కనిపించినా వచ్చి చెప్పు అనండి. గేమ్‌లో వాయిస్ చాట్ ఫ్రెండ్స్‌కి మాత్రమే అని పెట్టండి, హెడ్‌ఫోన్ లేకుండా హాల్లో ఆడమనండి.

క్లాస్ గ్రూప్‌లో మా పాప ఫొటోతో స్టిక్కర్లు చేసి ఏడిపిస్తున్నారు. స్కూల్‌కి వెళ్ళాలా, మనమే ఆ పిల్లల ఇళ్ళకి వెళ్ళాలా?

ఆ ఇళ్ళకి వెళ్ళి గొడవ పెట్టుకోకండి, రెండోరోజు క్లాసులో ఆ పాపే పడుతుంది. ముందు స్క్రీన్‌షాట్లు తీసుకోండి, ఎవరు పెట్టారో, తేదీ, గ్రూప్ పేరు కనిపించేలా. తర్వాత స్కూల్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, నోటిమాట చెప్తే చూస్తాంలే అంటారు, కాగితం ఇచ్చి కాపీ మీద సంతకం తీసుకుంటే వాళ్ళకీ బాధ్యత ఉంటుంది. ఫొటోని అసభ్యంగా మార్చారంటే అది ఏడిపించడం దాటిపోయింది, పోలీసులకి చెప్పాల్సిన నేరం. పాపని "నువ్వు ఆ ఫొటో ఎందుకు పెట్టావు" అని మాత్రం అడగొద్దు. యూనిఫాంలో నవ్వుతూ దిగిన ఫొటో పెట్టడం తప్పేం కాదు. గ్రూప్ నుంచి బయటికి రమ్మనేది కూడా ఆమెనే తేల్చుకోనివ్వండి, బయటికొస్తే హోంవర్క్ తెలీదు, లోపలుంటే ఏడుపు, వాళ్ళ ఇబ్బంది మనం అనుకున్నంత చిన్నది కాదు.

పిల్లల ఫోన్ వాళ్ళకి తెలీకుండా చెక్ చెయ్యడం తప్పా?

చెక్ చెయ్యడం తప్పు కాదు, తెలీకుండా చెయ్యడంతోనే చిక్కు. దొంగతనంగా చూసి ఏదైనా దొరికితే అడగలేరు, అడిగితే ఎలా తెలిసిందంటారు, ఇంక అక్కణ్ణుంచి పాస్‌వర్డ్‌లు మారుతాయి. ఫోన్ ఇచ్చే రోజే చెప్పండి, ఆదివారం ఆదివారం ఇద్దరం కలిసి చూస్తాం, ఇంటర్‌కి వచ్చేదాకా అని. ఫ్రెండ్స్‌తో చాట్లు మొత్తం చదవక్కర్లేదు, కొత్తగా వచ్చిన యాప్‌లు, కొత్త పేర్లు, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ (ఆ అకౌంట్ ఇంకెక్కడైనా తెరిచి ఉందేమో) చూస్తే చాలు. అమ్మాయి ఫోన్ రోజూ చెక్ చేసి అబ్బాయి ఫోన్ ఎప్పుడూ చూడని ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి. బెదిరింపులు అబ్బాయిలకీ వస్తాయి, వాళ్ళు ఇంకా తక్కువ చెప్తారు.

రాత్రి ఫోన్ దగ్గర పెట్టుకునే పడుకుంటాడు, మా ఆయనకి స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్టు, నేనొక్కదాన్నే ఎలా ఆపను?

చార్జర్లన్నీ హాల్లోకి తెచ్చేయండి, మీదీ ఆయనదీ కూడా. పదింటికి ఇంట్లో ఫోన్లన్నీ అక్కడే. అలారం కోసం అంటే రెండు వందలకి గడియారం దొరుకుతుంది. పిల్లల్ని ఇబ్బంది పెట్టే మెసేజ్‌లు ఎక్కువగా రాత్రి అందరూ పడుకున్నాకే వస్తాయి, ఆ టైములో వాళ్ళకి పక్కన ఎవరూ ఉండరు.

మేం స్టేటస్‌లో పిల్లల ఫొటోలు పెడుతుంటాం, అదీ తప్పేనా?

తప్పని అనను, కొంచెం చూసి పెట్టండి. స్కూల్ పేరు, ఆటో నంబర్, ఇంటి గేటు, స్నానం చేయిస్తున్న ఫొటోలు వద్దు. ఆర్కే బీచ్‌లో ఉండగానే లొకేషన్‌తో పెట్టే బదులు ఇంటికొచ్చాక పెట్టండి. వాట్సాప్ ప్రొఫైల్ ఫొటో, స్టేటస్ రెండూ మై కాంటాక్ట్స్‌కి మార్చుకోండి. ఎనిమిదేళ్ళు దాటాక ఫొటో పెట్టే ముందు పిల్లల్ని అడగండి, అడిగించుకున్న పిల్లలు రేపు వేరేవాళ్ళు తమ ఫొటో అడిగినప్పుడు వద్దనడం నేర్చుకుంటారు.

హోంవర్క్ అంతా ఏఐతోనే చేస్తున్నాడు, అది సేఫేనా?

లెక్క అర్థం చేసుకోడానికి వాడితే పర్వాలేదు. ఇంటి సంగతులు, అడ్రస్, తన ఫొటోలు అందులో పెట్టొద్దని చెప్పండి. నాకు కంగారు పుట్టించేది ఇంకోటి, కొందరు పిల్లలు దానితో మనసులో మాటలన్నీ చెప్పుకుంటున్నారు, మనుషులతో చెప్పడం తగ్గించేస్తున్నారు. అలా కనిపిస్తే ఆపమని అరవకండి, సాయంత్రం పూట ఆ పిల్లాడితో కాసేపు బయట నడవండి.

## ఇంటర్, కాలేజీ మెట్టెక్కేటప్పుడు

ఇంటర్ చదివే మావాడికి ఇంట్లో కూర్చుని రోజుకి రెండు వేలు అని మెసేజ్ వచ్చింది. చెయ్యనివ్వచ్చా?

వద్దు. వీడియోలకి లైకులు కొట్టమంటారు, మొదట 150 రూపాయలు నిజంగానే వేస్తారు, ఆ 150 చూసి నమ్మకం వస్తుంది, తర్వాత పెద్ద టాస్క్ కోసం ముందు నువ్వు కట్టాలంటారు, అక్కడితో పోయినట్టే. ఇంకో రకం ఏంటంటే "నీ బ్యాంకు అకౌంట్ మాకు వాడుకోడానికియ్యి, కమిషన్ ఇస్తాం" అంటారు. దొంగ డబ్బు ఆ అకౌంట్ గుండా పోతుంది, పోలీసులు వచ్చేది అకౌంట్ పేరున్న పిల్లాడి దగ్గరికే. కాలేజీ పిల్లల్లో ఇది చాలామందికి తెలీదు, ఏటీఎం కార్డు, సిమ్ ఎవరికీ ఇవ్వకూడదని గట్టిగా చెప్పండి.

విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగం అంటే ఇంకా జాగ్రత్త. 2024 మేలో మన వైజాగ్ పోలీసులే బయటపెట్టారు, ఇక్కడి కుర్రాళ్ళని ఉద్యోగాలని చెప్పి కాంబోడియా పంపించి, అక్కడ బంధించి, మన దేశంవాళ్ళకే ఫోన్లు చేయించి సైబర్ మోసాలు చేయించారు. ఏజెంట్లు ఎక్కడివాళ్ళో అనుకుంటాం, మన చుట్టుపక్కలవాళ్ళే పంపించారు. ఏజెంట్‌కి లైసెన్స్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వం ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకోవచ్చు.

క్రికెట్ యాప్‌లో డబ్బులు పెడుతున్నాడు, స్కిల్ గేమే లీగల్ అంటున్నాడు. నిజమా?

ఇప్పుడు కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములన్నిటినీ, స్కిల్ అయినా లక్ అయినా, 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది, నడిపేవాళ్ళకి మూడేళ్ళ దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆన్‌లైన్ రమ్మీ లాంటివి మన ఆంధ్రాలో 2020లోనే నిషేధించారు. ఇంకా నడుస్తోందంటే అది టెలిగ్రామ్ లింకుతోనో, ప్లే స్టోర్‌లో లేని ఏపీకే ఫైల్‌తోనో వచ్చిన దొంగ యాప్ అన్నమాట, అందులో గెలిచినా డబ్బు బయటికి తియ్యలేరు. ఆడేవాళ్ళకి ఈ చట్టంలో శిక్ష లేదు కాబట్టి కేసవుతుందని భయపెట్టకుండా, అప్పు ఎంతుందో ముందు అడగండి. లోన్ యాప్‌ల నుంచి తీసుకుని ఉంటాడు, ఆ సంగతి ఆఖర్న చెప్తాడు.

## ఏదైనా జరిగిపోయాక

ఎవడో మా పిల్ల ఫొటో అందరికీ పంపిస్తానని బెదిరిస్తున్నాడు, డబ్బు అడుగుతున్నాడు. ఇప్పుడు ఏటి చెయ్యాలి?

పోయిన ఏడాది వర్షాలప్పుడు ట్యూషన్ అయిపోయి అందరూ వెళ్ళిపోయాక ఒక ఎనిమిదో క్లాసు బాబు వెళ్ళలేదు. బ్యాగు జిప్పు తెరవడం, వెయ్యడం, మళ్ళీ తెరవడం. నేను సిస్టమ్స్ ఆఫ్ చేస్తుంటే వెనకనుంచి అడిగాడు, "మేడం, ఇంటర్నెట్‌లోంచి ఒక ఫొటో పూర్తిగా పోవాలంటే ఏం చెయ్యాలి?" వాడి చేతిలో ఫోన్ బోర్లా ఉంది, రెండు నిమిషాలకోసారి వణుకుతోంది, ప్రతిసారీ వాడి భుజాలు కూడా అదురుతున్నాయి. అమ్మాయి పేరుతో ఉన్న అకౌంట్, నాలుగు రోజుల పరిచయం, ఒక వీడియో కాల్. మూడు వేలు అప్పటికే కట్టేశాడు, వాళ్ళ తాతగారి ఫోన్‌పేలోంచి. ఇంకో ఐదు వేలు అడుగుతున్నారు.

అప్పుడు మేం చేసినవే మీకూ చెప్తాను. ఇంక ఒక్క రూపాయి కట్టకండి, కట్టినకొద్దీ అడుగుతూనే ఉంటారు. చాట్ డిలీట్ చెయ్యకండి, భయంలో పిల్లలు ముందు చేసేది అదే. వాడి యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు, బెదిరించిన మెసేజ్‌లు, డబ్బు వేసిన యూపీఐ ఐడీ, ట్రాన్సాక్షన్ నంబర్ అన్నీ స్క్రీన్‌షాట్ తీసుకున్నాక యాప్‌లో రిపోర్ట్ కొట్టి బ్లాక్ చెయ్యండి. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే అంత, అవతలి అకౌంట్లో డబ్బు ఆపే అవకాశం ఉంటుంది. కంప్లైంట్ సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో, ఆడవాళ్ళు, పిల్లల మీద నేరాలకి వేరే విభాగం ఉంది, అందులో పెట్టండి. 18 ఏళ్ళలోపు పిల్లల ఫొటోల కోసం టేక్ ఇట్ డౌన్ అని ఉచిత సర్వీసు ఉంది, ఫొటో మీ ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్ళదు, దాని గుర్తు మాత్రం ఒక కోడ్‌లాగా వెళ్తుంది, ఆ కోడ్‌ని బట్టి ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి అందులో చేరిన యాప్‌లు ఆ ఫొటోని తమ దగ్గర కనిపెట్టి తీసేస్తాయి. వాట్సాప్ చాట్‌లలో తిరిగేదాన్ని అది ఆపలేదు, అది కూడా తెలిసి ఉండాలి.

సాక్ష్యం కోసమని ఆ ఫొటోని ఇంకో ఫోన్‌కి గానీ, బాబాయికి గానీ, లాయర్‌కి గానీ పంపకండి. ఆ ఫోన్లోనే ఉంచి పోలీసులకి చూపించండి.

ఆ రాత్రి పిల్లల్ని ఒంటరిగా పడుకోబెట్టకండి. ఆ బాబు వాళ్ళ నాన్నగారు ఆటో నడుపుతారు, నేను ఫోన్ చేస్తే వానలో తడుచుకుంటూ వచ్చారు, నేను ఆయన కొడతారేమో అని గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆయన మొత్తం విని, కొడుకు తలమీద చెయ్యి వేసి, "భోంచేశావా" అని అడిగారు. వాడు అప్పటిదాకా ఏడవలేదు, అప్పుడు ఏడ్చాడు.

పోలీస్ స్టేషన్‌కి వెళ్తే అమ్మాయి పేరు బయటికొచ్చి పరువు పోతుంది కదండీ?

పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం కింద పిల్లల పేరు, ఫొటో, స్కూల్, ఇల్లు ఏదీ మీడియాలో రాకూడదు, అలా బయటపెడితే శిక్ష ఉంది. పాప స్టేషన్‌కి రావాలని కూడా లేదు, ఇంట్లో గానీ తనకి నచ్చిన చోట గానీ స్టేట్‌మెంట్ తీసుకోవాలి, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో రాకూడదు, పక్కన అమ్మ గానీ పాప నమ్మినవాళ్ళు గానీ ఉండొచ్చు. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్లో ఉంచకూడదు. వైజాగ్ సిటీ కమిషనరేట్‌లో సైబర్ క్రైమ్ స్టేషన్ వేరే ఉంది, కానీ మీకు దగ్గరున్న ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ పెట్టచ్చు, మా పరిధి కాదని తిప్పి పంపడానికి లేదు. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, నంబర్ 15100. ఒకటి మాత్రం ఆలోచించండి, పరువు కోసం ఊరుకుంటే వాడు అదే అకౌంట్‌తో ఇంకో పిల్ల దగ్గరికి వెళ్తాడు.

గ్రూప్‌లో ఎవరో ఒక పాప వీడియో పెట్టి "ఈ దుర్మార్గుణ్ణి పట్టుకునేదాకా షేర్ చెయ్యండి" అన్నారు. నేనూ ఫార్వర్డ్ చేశాను, మంచిదే కదా?

మంచి మనసుతోనే చేశారు, కానీ ఇప్పుడే డిలీట్ చెయ్యండి, ఇంక ఎవరికీ పంపొద్దు. పిల్లల మీద జరిగిన లైంగిక దాడి వీడియో పంపడం ఐటీ చట్టం 67బి కింద నేరం, మొదటిసారికే ఐదేళ్ళ దాకా జైలు. రిపోర్ట్ చెయ్యకుండా ఫోన్లో ఉంచుకోవడం కూడా పోక్సో కింద నేరం అవ్వచ్చని 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఎవరు పెట్టారో, ఏ గ్రూప్‌లోనో, ఎప్పుడో రాసుకుని సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో చెప్పండి, పేరు చెప్పకుండా కూడా ఇవ్వచ్చు. ప్రతి షేర్‌తోనూ ఆ పాప ముఖం ఇంకో నలుగురు చూస్తారు.

తప్పు చేసింది మావాడే అయితే? క్లాస్ అమ్మాయి ఫొటో మార్చి గ్రూప్‌లో పెట్టాడు.

ఈ ప్రశ్న అడగడానికి ధైర్యం కావాలి, అడిగినందుకు మీకు నమస్కారం. ఫోన్ ఫార్మాట్ కొట్టించకండి, సాక్ష్యం దాచినట్టవుతుంది. గ్రూప్‌లోంచి ఆ ఫొటో వాడిచేతే తీయించండి, లాయర్‌తో మాట్లాడండి, స్కూల్‌తో మీరే ముందు మాట్లాడండి. ఆ అమ్మాయి ఇంటికి రాజీకని పెద్దమనుషుల్ని పంపి ఒత్తిడి తేవొద్దు. 18 ఏళ్ళలోపు పిల్లాడు, పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి వెళ్తాడు, లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టడానికి వీల్లేదు, 16 దాటి చాలా పెద్ద నేరమైతే లెక్క వేరే. ఆ పిల్ల రెండు వారాలు స్కూల్‌కి ఎందుకు రాలేదో వాడికి తెలియాలి, అది మీరే కూర్చోబెట్టి చెప్పాలి.

మా పాప ఏమీ చెప్పట్లేదు, కానీ ఏదో జరిగిందని నాకు తెలుస్తోంది. ఎలా అడగాలి?

ఫోన్ మోగితే ఉలిక్కిపడటం, మనం రాగానే స్క్రీన్ తిప్పేయడం, అన్నం వదిలేయడం, స్కూల్ వద్దనడం, ఉన్నట్టుండి అకౌంట్లన్నీ తీసేయడం, డబ్బు మాయమవడం, ఇవి కనిపిస్తే మీ అనుమానం నిజమే కావచ్చు. ఎదురుగా కూర్చోబెట్టి ఏం జరిగింది చెప్పు అంటే చెప్పరు. మా పాప ఒకసారి వారం రోజులు అలా ఉంటే ఎన్ఏడీ నుంచి ఇంటికి బండి మీద వస్తూ, "నా ట్యూషన్లో ఒక పిల్లకి ఇలా జరిగింది, వాళ్ళమ్మ తిట్టలేదు" అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. వెనకనుంచి ఏ జవాబూ లేదు. మర్నాడు రాత్రి గిన్నెలు తోముతుంటే వచ్చి, తుడిచే గుడ్డ తీసుకుని, నా వైపు చూడకుండా మొదలుపెట్టింది. నేను కుళాయి కట్టేశాను, చేతికి సబ్బు అలాగే ఉంది, మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

అప్పటికీ చెప్పకపోతే అత్త, అమ్మమ్మ, టీచర్, ఎవరితో చనువుంటే వాళ్ళని అడగమనండి. బతకాలని లేదు అన్న మాట ఒక్కసారి వినపడినా ఆగకండి, పక్కనే ఉండండి, టెలి మానస్ 14416కి కాల్ చెయ్యండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు, అర్ధరాత్రి అయినా ఫోన్ ఎత్తుతారు.